ఎర్రరంగు కంగారు

బాత్రూమ్‌లోకి వెళ్లిన తూనీగ రెండు నిమిషాల్లో బయటికి పరిగెత్తుకొచ్చింది.

మూత్రం ఎర్రగా వచ్చింది!

అప్పుడు టైమ్ రెండున్నర. నాలుగింటికి స్కూల్ గ్రౌండ్‌లో రిలే టీమ్ సెలెక్షన్. పదమూడేళ్ల ఆ పిల్ల రివ్వున దూసుకుపోతుందనే అందరూ ఆ పేరు పెట్టారు.

తూనీగ గది తలుపు వేసుకుని ఫోన్‌లో వెతికింది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన వీడియోలో అరుస్తున్నాడు. "మూత్రం ఎర్రబడిందా? కిడ్నీలు పోయినట్టే! నీళ్లు ముట్టుకోవద్దు!"

తూనీగ నీళ్ల సీసా దూరంగా జరిపింది. గొంతు ఎండిపోతున్నా తాగలేదు. కెప్టెన్ లంబూకి మెసేజ్ పెట్టింది: "నేను రావట్లేదు. ఏమీ అడక్కు."

మూడుంపావుకి పిన్ని తలుపు తట్టింది. ఆమె నర్సు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావేంటే? మొహం అలా పీక్కుపోయిందేం?"

"ఏం లేదు పిన్నీ."

"మరి ఆ కన్నీళ్లు ఎవరివి? పక్కింటివాళ్లవా?"

అంతే, తూనీగ భోరుమంది. అంతా చెప్పేసింది. పిన్ని నవ్వలేదు. పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడిగింది. నొప్పి ఉందా? లేదు. జ్వరం? లేదు. దెబ్బ తగిలిందా? లేదు.

"పొద్దున్నుంచీ ఏం తిన్నావ్?"

తూనీగ తల దించుకుంది. "బీట్‌రూట్ జ్యూస్... నాలుగు గ్లాసులు. చిరుతలా పరిగెడతారని ఇంకో వీడియోలో చెప్పారు."

"ఓసి నీ! బీట్‌రూట్లకి కాళ్లొచ్చి ఫ్రిజ్‌లోంచి పారిపోయాయనుకున్నా!" పిన్ని ఊపిరి పీల్చుకుంది. "అది బీట్‌రూట్ రంగే. కొందరికి అలా వస్తుంది. రేపటికి తగ్గకపోతే టెస్ట్ చేయిద్దాం. ఈ ఎండలో నీళ్లు మానేశావు చూడు, నాకు భయం దానికే. ముందు తాగు!"

తూనీగ గటగటా తాగింది. గుండెల మీది బండ దిగిపోయింది. పిన్ని స్కూటర్ మీద గ్రౌండ్ దగ్గర దింపింది.

"రానన్నావుగా! పోయావనుకున్నాం," అంది లంబూ.

"నేనూ అదే అనుకున్నా."

లంబూ గొంతు తగ్గించింది. "నా మోకాలు నిన్నటి నుంచీ నొప్పే. గుడ్డ బిగించి పరిగెత్తితే అదే పోతుందట, వీడియోలో చూశా. ఎవరికీ చెప్పకే, టీమ్‌లోంచి తీసేస్తారు."

పీఈటీ సార్ విజిల్ నోట్లో పెట్టుకున్నారు.

"ఆగండి సార్!" తూనీగ లంబూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. "దీని మోకాలు ఒకసారి చూడండి."

"ద్రోహీ!" లంబూ పళ్లు నూరింది.

సార్ గుడ్డ విప్పారు. మోకాలు కొంచెం వాచింది. "దీంతో పరిగెత్తి ఉంటే నెల రోజులు మంచమే! ఇవాళే డాక్టర్‌కి చూపించు. ఆయన సరే అన్నాకే సెలెక్షన్. అందాకా నీ చోటు ఎక్కడికీ పోదు."

లంబూ మొహం వెలిగింది. కుంటుతూ గేటు వైపు నాలుగడుగులు వేసి ఆగింది.

"ద్రోహీ, భుజం ఇవ్వు."

తూనీగ నవ్వుతూ పరిగెత్తుకెళ్లి భుజం ఇచ్చింది.