నోరు కట్టిన బండి

తవుడు కారు కింద పడుకుని సైలెన్సరు గొట్టానికి సైకిల్ ట్యూబు ముక్క చుడుతున్నాడు. గొట్టాన్ని పట్టి ఉంచే కొక్కెం విరిగి చాలా కాలమైంది. అలాంటి కొక్కేలు ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదు.

"ఏటి వరహాలప్పా, ఈ ముసిల్దాన్ని ఇంకా తోలతన్నావా?" అన్నాడు కింది నుంచే.

"నీకంటే చిన్నదేలే," అంది వరహాలు. "బేగి కానీరా. గుంటకి నొప్పులొచ్చీసినాయి."

వెనక సీట్లో వరహాలు కూతురు గౌరి రెండు చేతులతో పొట్ట పట్టుకుని కూర్చుంది. తొలి కాన్పు. నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. కొండ మీద మంచు దిగడంతో ఎగిరే అంబులెన్సు రాలేనంది. ఆసుపత్రి కొండ కింద కోట అనే ఊళ్లో ఉంది. మధ్యలో ఘాట్ రోడ్డు.

ఆ రోడ్డు పొడవునా తారు కింద దారిచెవి ఉంది. పైన వెళ్లే ప్రతి బండినీ అది వింటుంది. బోల్టు వదులైనా, రేకు ఊగినా ఆ చప్పుడు పట్టుకుని హెచ్చరిస్తుంది. మూడో హెచ్చరికతో ఇంజను ఆపేస్తుంది. ప్రతి రెండు మలుపులకూ ఒక లాగుడుబండి కాచుకుని ఉంటుంది. అందులోని మనుషులు వచ్చి కారును తుక్కుకు తీసుకుపోతారు. దారిచెవి వచ్చాక బండ్లు లోయలో పడడం దాదాపు ఆగిపోయింది. కొత్త కార్లవాళ్లు అదొకటుందనే మరిచిపోయారు. పాత కార్లకు భాగాలు దొరకవు కనుక, కొండ మీదివాళ్లు బండికి నోరు కట్టించి దిగుతారు. చప్పుడు చేసే చోటల్లా గుడ్డో రబ్బరో కుక్కడమే నోరు కట్టడం. తవుడు బతుకుతున్నది ఆ పని మీదే.

అతను తలుపు సందుల్లో లుంగీ ముక్కలు దూర్చి, చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"ముందు ఎడం చక్రం కాడ ఏదో టకటకమంటంది అప్పా. గుడ్డెట్టీసినాను."

"బిగించొచ్చు కదరా?"

"బిగించడానికి బోల్టుండాలి కదా."

వరహాలు కారు తీసింది.

మొదటి మలుపులో గౌరికి నొప్పి వచ్చింది. "అమ్మా!" అని అరిచింది.

డాష్‌బోర్డు నుంచి మాట వినిపించింది. "మొదటి హెచ్చరిక. వెనక భాగంలో రాపిడి. దయచేసి సరిచూడండి."

వరహాలు అద్దంలో కూతురి వైపు చూసింది. "ఓర్సుకో తల్లీ. అది నీ కేకని కూడా ఇంటంది."

"బండి అనుకుంటందా నన్ను?"

"దానికేటి తెల్సు? కూసింత ఓర్సుకో."

మంచులో పది అడుగుల అవతల రోడ్డు కనిపించడం లేదు. నాలుగో మలుపు తిరిగాక టకటక మొదలైంది. ఎడమ చక్రమే. గుడ్డ జారినట్టుంది.

"రెండో హెచ్చరిక. ముందు ఎడమ చక్రం."

ఇంకొక్కటి. ఆమె కారు పక్కకు తీసి దిగింది. చక్రం వేడిగా ఉంది. ఒక బోల్టు సగం బయటికి వచ్చింది, మరొకటి లేనే లేదు. జాకీ రాడ్డుతో తిప్పి చూసింది. మర అరిగిపోయింది, పట్టలేదు. పమిట చివర చింపి గుండ్రంగా చుట్టి ఆ సందులో దట్టించింది. మళ్లీ ఎక్కి నడిపింది.

టకటక లేదు. దారిచెవి మాట్లాడలేదు. వెనక నుంచి కూడా అలికిడి లేదు.

వరహాలు రెండు మలుపులు అలాగే దిగింది. చప్పుడు ఉన్నప్పుడు చక్రం ఉందని తెలిసేది. ఇప్పుడు అది ఉందో, ఊడడానికి సిద్ధంగా ఉందో తెలియడం లేదు.

"నొప్పి తగ్గిందా అమ్మా?"

అద్దంలో గౌరి తల ఊపడం కనిపించింది. తగ్గిందన్నట్టు.

"మంచిదే. ఇంకో సగం దారి."

వరహాలు అద్దాన్ని కిందికి వంచి చూసింది. గౌరి తువ్వాలంతా నోట్లో కుక్కుకుని ఉంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. సీటు తడిసి ఉంది. కాళ్ల కింద కూడా తడి.

వరహాలు బ్రేకు మీద కాలు వేసింది. వెనక్కి తిరిగి తువ్వాలు లాగేసింది.

"ఎప్పట్నించే? సెప్పొచ్చు కదే!"

"నువ్వే కదమ్మా ఓర్సుకోమన్నావు," అంది గౌరి. పెదవి చిట్లి నెత్తురు వస్తోంది. "వొచ్చీస్తందమ్మా. కిందకి వొచ్చీస్తంది."

కోట ఇంకా దూరం. చక్రం సంగతి తెలియదు. ముందూ వెనకా ఒక్క బండి లేదు. మూడో హెచ్చరిక పడితే మాత్రం లాగుడుబండి వస్తుంది. అందులో ఇద్దరు మనుషులు ఉంటారు. కారు మళ్లీ రాదు.

వరహాలు జాకీ రాడ్డు తీసుకుని దిగింది. తలుపుల్లోని లుంగీ ముక్కలు పీకి పారేసింది. బానెట్ మీద రాడ్డుతో కొట్టింది. మళ్లీ కొట్టింది.

"అరువు తల్లీ! ఎంతొస్తే అంత అరువు!"

గౌరి అరిచింది. కొండ ఆ కేకను తిరిగి పంపింది.

"మూడో హెచ్చరిక. పలు భాగాలు వదులు. ఇంజను ఆపుతున్నాం. లాగుడుబండి బయలుదేరింది."

ఇంజను ఆగిపోయింది. వరహాలు రాడ్డు పడేసి వెనక తలుపు తీసి, కూతురి మోకాళ్ల మధ్య చేతులు పట్టి నేల మీద కూర్చుంది. మూడు హెచ్చరికలు దాటాక దారిచెవి ఇక లెక్కపెట్టదు. గౌరి అరుస్తూనే ఉంది.