అమ్మ మాట్లాడని ఆదివారాలు

ఆ ఉదయం కూడా పాలవాడు గంట కొట్టి పాకెట్లు గుమ్మంలో పడేసి పోయాడు. మేడ మీద అద్దెకున్నవాళ్ళ కుళాయి ఎప్పటిలాగే కూత పెట్టింది. పొయ్యి మీద టీ నీళ్ళు మరిగి మరిగి అడుగంటుతున్నాయి. అక్క ఆ గిన్నెలోకే చూస్తూ నిలబడింది. నీళ్ళు ఇంకిపోతున్నాయని తెలుస్తూనే ఉంది, చెయ్యి చాచి పొయ్యి కట్టెయ్యాలని మాత్రం తోచడం లేదు. అమ్మ పోయినప్పటి నుంచి అక్క ఒళ్ళంతా మత్తుసూది పొడిచిన దవడలా ఉంది. కొరుక్కున్నా తెలియదు.

పాలవాడి దగ్గర నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరూ ఆవిడను అక్క అనే పిలుస్తారు. అంత పెద్ద గాయని కూతురిని పేరు పెట్టి పిలవడానికి జనానికి నోరు రాదు. పోనీ అమ్మా అందామంటే, ఆ పిలుపు ఆవిడ తల్లి ఎప్పుడో తన సొంతం చేసేసుకుంది. ఊరందరికీ ఆ తల్లి పాటమ్మ. ఆవిడ పోయిన రోజు బజారంతా దుకాణాలు మూసేశారు, రేడియోలో పొద్దస్తమానం ఆవిడ పాటలే వేశారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి గేటు పట్టుకుని ఏడ్చారు. అక్క మాత్రం వాళ్ళకు కుర్చీలు వేసి, మంచినీళ్ళు ఇచ్చి పంపించింది.

ముందు గదిలో అద్దం ముందు చెల్లెలు ఉపన్యాసం వల్లె వేస్తోంది. చిన్నప్పుడు నోట్లో నువ్వుగింజ నానేది కాదని ఆమెకు పిచ్చుక అని పేరు పెట్టారు. ఇప్పుడు వేరే ఊళ్ళో పళ్ళ డాక్టరు. మాట్లాడడానికి అడ్డు రాకుండా ఎదుటివాళ్ళ నోట్లో దూది కుక్కే ఉద్యోగం చూసుకుందని ఇంట్లో ఎగతాళి. సాయంత్రం పెద్ద హాల్లో అమ్మ సంస్మరణ సభ.

"మీ అందరికీ తెలుసు," అంటోంది పిచ్చుక అద్దంతో. "కచేరీ ఉన్న రోజు మా అమ్మ నిద్ర లేచింది మొదలు వేదిక ఎక్కేదాకా పెదవి విప్పేది కాదు. గొంతు కోసం అంత నియమం. కానీ ఆదివారం మధ్యాహ్నం ఆ నియమం తప్పేది. హాస్టల్లో ఉన్న నాకు ఫోన్ చేసేది. ఆవిడ తన మౌనాన్ని జీవితంలో ఎవరి కోసమైనా విడిచిపెట్టిందంటే, అది నా కోసమే."

అక్క ఆ మాటలు విన్నది. గిన్నె మాడు వాసన వచ్చాక గానీ పొయ్యి కట్టలేదు.

అమ్మ ఆ నియమాన్ని ఎవరి కోసమూ తప్పలేదు. ఆదివారాలు ఎప్పుడూ కచేరీలే. ఆ రోజుల్లో ఇల్లంతా చేతి సైగలతో నడిచేది. బయటి నుంచి ఫోన్ వస్తే ఎత్తేది అక్క. మాటలో ఇద్దరి గొంతూ ఒకటే. పాటలో కాదు సుమా, అక్క పాడితే వీధి కుక్కలు లేచి పక్క వీధికి పోయేవి. కానీ కాస్త నిదానించి, చివరి మాట సాగదీస్తే చాలు, పాటమ్మే పలికినట్టు ఉండేది. ఇంకా బడికి వెళ్ళే వయసులోనే అక్క కచేరీలు పెట్టేవాళ్ళతో అమ్మలా మాట్లాడి, రైలు టిక్కెట్లూ బస ఏర్పాట్లూ ఖాయం చేసేది. పసిదైన పిచ్చుకకు ఆ సంగతి తెలియదు.

తర్వాత పిచ్చుకను హాస్టల్లో వేశారు. మొదటి ఆదివారం అక్క ఫోన్ చేస్తే, ఆ పిల్ల వెక్కుతూ అమ్మను పిలవమంది. అమ్మ మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని ఎదురుగానే కూర్చుని ఉంది. కుదరదన్నట్టు తల ఊపింది. అక్క కొంచెంసేపు రిసీవరు అరచేత్తో మూసి పట్టుకుంది. తర్వాత చెయ్యి తీసి, "ఏమ్మా పిచ్చుకా," అంది అమ్మ గొంతుతో. ఏడుపు ఠక్కున ఆగిపోయింది. అలా మొదలైంది, పిచ్చుక డాక్టరయ్యేదాకా సాగింది. చెబుదామని అక్క ఎన్నోసార్లు అనుకుంది. ఏ వారానికి ఆ వారం, వచ్చే వారం చెబుదాంలే అనిపించేది.

ఇవాళ వాయిదా వెయ్యడానికి లేదు. అమ్మ పక్కన ఇన్నేళ్ళూ వయొలిన్ వాయించిన మామయ్య సభలో పిచ్చుకకు ముందే మాట్లాడతాడు. అమ్మ ఒక్కనాడు కూడా మౌనం తప్పలేదన్నది ఆయన ఎక్కడికెళ్ళినా గర్వంగా చెప్పే మాట. ఆయన అలా చెప్పి కూర్చోగానే పిచ్చుక లేచి ఇలా చెబితే, వాద్యబృందమంతా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. నిండు సభలో చెల్లెలు నవ్వులపాలవుతుంది. చెప్పేస్తే అమ్మను పోగొట్టుకుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"టీ ఏదక్కా?" అంటూ పిచ్చుక వంటింట్లోకి వచ్చింది.

"మాడిపోయింది. మళ్ళీ పెడతాను." అక్క గిన్నె తోముతూ, వెనక్కి తిరక్కుండానే అంది. "ఆ ఫోన్ల సంగతి సభలో వద్దులేవే. వేరే ఏదన్నా చెప్పు."

"వేరే ఏం చెప్పను? అమ్మ నాకు జడ వేసేదని చెప్పనా? వేసింది నువ్వు. బడికి తీసుకెళ్ళేదని చెప్పనా? తీసుకెళ్ళింది మామయ్య. నా దగ్గర ఉన్నవి ఆ ఫోన్లొక్కటే."

"అంతమంది ముందు ఇంటి విషయాలు ఎందుకని."

"అంతమంది ముందే చెప్పాలి." పిచ్చుక గొంతు లేచింది. "అమ్మ పేరెత్తితే నీ పేరే. కారులో పక్కన నువ్వు, ఫొటోల్లో వెనక నువ్వు, ఆసుపత్రిలో చెయ్యి పట్టుకుని కూర్చున్నది నువ్వు. నాకు కబురు అందేసరికి అంతా అయిపోయింది. మొత్తం అమ్మని నువ్వే ఉంచేసుకున్నావు. నాకు మిగిలిన ఆ ముక్క మీద కూడా నీ కన్ను పడిందా?"

ఈ మాటకు బాధ కలగాలి, అనుకుంది అక్క. కలగలేదు. గుమ్మంలో పాల పాకెట్లు ఎండలో ఉన్నాయని గుర్తొచ్చింది.

"మామయ్య నీకన్నా ముందు మాట్లాడతాడు," అంది. "ఆయన ఏం చెప్తాడో నీకు తెలుసుగా."

"చెప్పనీ! తర్వాత నేను లేచి నిజం చెప్తాను. అప్పుడు చూడాలి ఆయన మొహం."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. అక్క తోమిన గిన్నె బోర్లించి, తడి చేతులు తుడుచుకుంది. గోడ వైపు చూస్తూ నిదానంగా, చివరి మాట సాగదీసి అంది.

"ఏమ్మా పిచ్చుకా... ఏడవకు. ఫోన్ నువ్వు ముందు పెట్టేయ్, నేను తర్వాత పెడతాను."

పిచ్చుక రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇదేం పాడు వేళాకోళం?" అంది పిచ్చుక.

"మొదటిసారి పన్ను పీకిన రోజు చేతుల వణుకు ఆగడం లేదని ఏడ్చావు. ఈ చదువు నా వల్ల కాదు, వచ్చేస్తానన్నావు. అక్కకి మాత్రం చెప్పకమ్మా, నవ్వుతుంది, అన్నావు." అక్క ఇప్పుడు తన మామూలు గొంతుతోనే అంటోంది. "నేను నవ్వలేదే."

పిచ్చుక మొహంలో నెత్తురు చుక్క లేదు. తలుపుకు ఆనుకుంది.

"అన్నీనా?"

"ఊఁ."

"అమ్మ ఒక్కసారి కూడా చెయ్యలేదా?"

అబద్ధం చెబుదామా అని అక్క ఒక్క క్షణం ఆలోచించి, ఉన్నదే చెప్పింది. "చేసింది. కచేరీ రద్దయి రెండుసార్లు తనే చేసింది. ఆ రెండుసార్లూ నువ్వు మళ్ళీ వారం నన్నడిగావు, 'మొన్న నీ గొంతు అదోలా ఉందేమ్మా, జలుబు చేసిందా?' అని."

పిచ్చుకకు నవ్వు లాంటిది ఏదో వచ్చి సగంలో విరిగిపోయింది. "మరి నీ మీద చాడీలు చెప్పేదాన్ని... అక్క నా గౌను లాక్కుందని, నన్ను చూస్తే గిట్టదని..."

"దాన్ని మందలిస్తాలే అనేదాన్ని."

"సెలవులకు ఇంటికొచ్చి, అమ్మ చేత చీవాట్లు తిన్నావా లేదా అని నిన్ను ఏడిపించేదాన్ని!"

"తిన్నాననే చెప్పేదాన్నిగా."

పిచ్చుక తల దించుకుంది. తల ఎత్తినప్పుడు కళ్ళు పొడిగా, కోపంగా ఉన్నాయి.

"ఒకమ్మ మొన్న పోయింది. ఇంకో అమ్మని ఇవాళ నువ్వు చంపావక్కా." ఆ మాట అని ముందు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అక్క మళ్ళీ నీళ్ళు పెట్టి టీ కాచింది. తలుపు దగ్గర కప్పు పెట్టింది. మధ్యాహ్నానికి ఆ కప్పు అక్కడే తొరక కట్టి ఉంది. లోపలికి తీసుకుపోయి కడిగేసింది. ఇంత జరిగినా కంట్లో తడి రాలేదేమిటని తన మీద తనకే కొంచెం ఆశ్చర్యం వేసింది, అంతే.

సాయంత్రం ఇద్దరూ ఒకే కారులో, చెరో కిటికీ వైపు చూస్తూ వెళ్ళారు.

హాలు కిక్కిరిసిపోయింది. వేదిక మీద అమ్మ ఫొటో నిలువెత్తున నవ్వుతోంది. మామయ్య మైకు ముందుకు వచ్చి, కళ్ళు ఒత్తుకుంటూ, అక్క అనుకున్న మాటే అన్నాడు. "ఆ మహాతల్లి ఒక్కనాడంటే ఒక్కనాడు మౌనం తప్పలేదు. కన్నపిల్లల కోసమైనా తప్పలేదు." హాలంతా చప్పట్లు కొట్టింది.

పిచ్చుకను పిలిచారు. మొదటి వరుసలో కూర్చున్న అక్క కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. చెల్లెలు ఏం చెబుతుందో ఆవిడకు తెలియదు. పొద్దుటి నుంచి ఇద్దరి మధ్యా మాట లేదు.

పిచ్చుక మైకు సరిచేసుకుంది. "మామయ్య చెప్పింది నిజం," అంది. "కచేరీ ఉన్న ఆదివారాలు మా అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. నాతో కూడా. హాస్టల్లో ఉన్నప్పుడు ఆ ఆదివారాలన్నీ అమ్మ గొంతుతో నాకు ఫోన్ చేసింది మా అక్క."

పిచ్చుక మొదటి వరుస వైపు చూసింది.

"అమ్మ మీ అందరి కోసం గొంతు దాచుకుంది. దాచుకోబట్టే మీకు అన్ని పాటలు దక్కాయి. కానీ ఇంట్లో చిన్నపిల్ల ఏడుస్తుంటే ఎవరో ఒకరు మాట్లాడాలిగా. మా ఇంట్లో మాట్లాడింది అక్క. ఆవిడ మీద చాడీలన్నీ ఆవిడకే చెప్పాను." అక్కడక్కడా నవ్వులు వినిపించాయి. పిచ్చుక నవ్వలేదు. "అన్నీ ఓపిగ్గా వింది. మందలిస్తానంది. ఇంకేం చెప్పాలో నాకు తెలియడం లేదు. నాకు అంతకన్నా ఎక్కువ మాట్లాడడం రావడం లేదు."

జీవితంలో మొదటిసారి పిచ్చుకకు మాటలు కరువయ్యాయి. మెట్లు దిగి వచ్చి అక్క పక్క కుర్చీలో కూర్చుంది. వేదిక మీద ఎవరో ఇంకొకరిని పిలుస్తున్నారు. పిచ్చుక అక్క చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"పొద్దున తప్పన్నానక్కా," అంది చెవి దగ్గర. "నువ్వు ఎవర్నీ చంపలేదు. ఆ అమ్మ ఇదిగో, నా పక్కనే కూర్చుంది."

అక్క ఏదో అనబోయింది. ఏ గొంతుతో అనాలో తెలియలేదు. అప్పుడు వచ్చింది ఏడుపు. లోపల ఎక్కడో ఇన్నాళ్ళూ మొద్దుబారి ఉన్నది ఒక్కసారిగా నొప్పి పుట్టి, గట్టిగా, బొంగురుగా, నిండు సభలో. వెనక వరుసలవాళ్ళు మెడలు చాచి చూశారు. ఆ ఏడుపు పాటమ్మ గొంతులా ఏమాత్రం లేదు. అక్క ఆపుకోలేదు, పిచ్చుక ఆపమనలేదు.