ఇంటాయన కనెక్ట్ అయ్యారు

మేస్త్రి చనిపోయి మూడు నెలలు దాటింది. నిన్న సాయంత్రం అతని ఫోను ఇంటికి వచ్చింది.

ఈ రెండు మాటలూ ఒకే గొంతుతో చెప్పి చీఫ్ కళ్లజోడు తుడుచుకున్నాడు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్ నేమ్ పిచ్చుక, చనిపోయిన గురువుది మేస్త్రి. ఆ పేరు పెట్టింది మేస్త్రే. గోడ దూకడం దగ్గర్నుంచి గడ్డం అంటించుకోవడం దాకా నేర్పింది కూడా మేస్త్రే. సరిహద్దుకు అవతల మేస్త్రిని కాల్చి, శత్రు ముఠా అతని ఫోను లాక్కెళ్లింది. ఆ ఫోను అవతలే ఉండాలి. ఇంటి వైఫైకి కనెక్ట్ అయిందంటే, ఆ ఇంటికి కూతవేటు దూరంలో ఎవరి చేతిలోనో ఉందన్నమాట.

"ఎవరు చూశారు?"

"మేస్త్రి భార్య. నిన్న ఒక్కరోజే కాదు, పది రోజుల నుంచీ వస్తోందట. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా అంటే ఫోన్ పెట్టేసింది."

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. మేస్త్రి భార్య ఇంటి నుంచే డిపార్ట్‌మెంట్‌కి పనిచేసే కోడ్ ఎక్స్‌పర్ట్. ఈరోజు ఆరింటికి ఆమె కంప్యూటర్‌కి ఒక మెసేజ్ వస్తుంది. పంపేది అవతలి నుంచి పారిపోయి వస్తున్న ఒక డ్రైవర్. తాను ఎక్కడ దాక్కున్నాడో చెబుతాడు. అతనికి తెలిసిన కోడ్ ఒక్కటే, మేస్త్రి నేర్పినది, అది విప్పగలిగేది ఆమె ఒక్కతే. ఆమె విప్పిన మరుక్షణం అదే నెట్‌వర్క్‌లో పొంచి ఉన్నవాడు కూడా చదివేస్తాడు. మన జీపుకంటే ముందు వాళ్ల తుపాకీ అక్కడికి చేరుతుంది.

"ఆ డ్రైవర్ ఎవరో తెలుసుగా. మేస్త్రి ఆఖరి ఊపిరి దాకా పక్కన ఉన్నది అతనే. ఏం చెప్పి పోయాడో తెలిసిన మనిషి అతనొక్కడే. వాళ్లావిడ బతుకుతున్నది ఆ మాట కోసమే అనుకో." చీఫ్ మరో విషయం కూడా చెప్పాడు. ఆ ఇంటి పై వాటాలో మన ఏజెంటే కాపలా ఉంది. కోడ్ నేమ్ సంపెంగ. ఫోను సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.

మధ్యాహ్నం ఆ ఇంటి తలుపు తట్టినవాడు ఇంటర్నెట్ టెక్నీషియన్. నీలం చొక్కా, భుజాన సంచి, నెరిసిన గడ్డం. మేస్త్రి భార్య తలుపు తీసింది.

"సిగ్నల్ అందని మూల ఏదైనా ఉందా అమ్మా?"

"వంటింట్లో అసలు రాదు."

కోడ్ వర్డ్ సరిపోయింది. ఆమె పక్కకు తప్పుకుంటూ, ఆ గడ్డం నీకు నప్పలేదు, లోపలికి రా అంది. మనిషి సగమైపోయింది. వదినా అని పిలవబోయిన పిచ్చుక, వీధి గుర్తొచ్చి, సంచి సర్దుకుని లోపలికి నడిచాడు.

రూటర్ పుస్తకాల బీరువా మీద దుమ్ము కొట్టుకుని ఉంది. తిరగేసి చూశాడు. అడుగున కంపెనీ వాడు అంటించిన స్టిక్కర్ మీద ఉన్న పాస్‌వర్డే ఇప్పటికీ నడుస్తోంది. సెట్టింగ్స్ పేజీకి యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్. ఎన్‌క్రిప్షన్ ఎవరైనా ఊది పారేయగల పాత రకం. వారం వారం కోడ్ వర్డ్‌లు మార్పించి, మర్చిపోయినవాణ్ణి అందరి ముందూ చీల్చి చెండాడిన మేస్త్రి సొంతింటి భాగోతం ఇది. దీపం కింద చీకటంటే ఇదే. గురువు మీద కోపం రావడం పిచ్చుకకు అదే మొదటిసారి. ఆయన బతికుంటే తనే నాలుగు దులిపేవాడు.

మార్చమని తనూ పోరేదాన్నని ఆమె చెప్పింది. అత్తగారి ఫోనులో, టీవీలో మళ్లీ కొట్టాలంటే ఇంట్లో యుద్ధమని ఆయన వచ్చే వారం, వచ్చే వారం అంటూ గడిపేశాడట. అత్తగారు పక్క గదిలోనే ఉంది, సీరియల్ చూస్తూ.

"పది రోజులు ఎందుకు దాచావు వదినా?"

ఆమె అతన్ని పడకగదుల మధ్య నడవలోకి తీసుకెళ్లింది. కిటికీ లేని నడవ. గోడకు చిన్న దీపం. మేస్త్రి ఎప్పుడొస్తాడో ఎవరికీ చెప్పేవాడు కాదు. ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పనిలో మునిగి ఉండేది. అందుకని అతను ఒక ఏర్పాటు చేశాడు. తన ఫోను గేటు దగ్గరికి రాగానే వైఫై అందుకుంటుంది, ఈ దీపం వెలుగుతుంది. ఇంటాయన వచ్చాడని అర్థం. ఫోనుకు ఆ పేరే పెట్టుకున్నాడు, ఇంటాయన అని.

పది రోజుల కిందట, పొద్దుగూకే వేళ, ఆ దీపం దానంతటదే వెలిగింది.

"మొదటిరోజు గేటు దాకా పరిగెత్తాను. ఎవరూ లేరు. రెండోరోజూ పరిగెత్తాను. మూడోరోజు దీపం కిందే కూర్చుండిపోయాను. అది ఆయన కాదని నాకు తెలుసు. కోడ్‌లు విప్పుకుని బతికేదాన్ని, ఆ మాత్రం తెలియదా? కానీ చెబితే నువ్వొచ్చి ఆపేస్తావుగా. ఆ డ్రైవర్ ప్రాణం మీదికి వస్తుందనే నిన్న చెప్పాను."

దీపం వెలిగినప్పుడల్లా అత్తగారు టీవీ సౌండ్ తగ్గించి, వాడొచ్చాడు, తలుపు తియ్యి అంటుందట. పిచ్చుక ఆ ఆరిన దీపం వైపు చూశాడు. ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టనిపించి, వద్దనుకుంటూనే తల తిప్పాడు. ఖాళీ నడవ.

ఇక పని మొదలైంది. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాడు. బయటినుంచి రూటర్‌ను నడిపే దారి మూసేశాడు. బటన్ నొక్కితే ఎవర్నైనా కలుపుకునే సౌకర్యం తీసేశాడు. ఎన్‌క్రిప్షన్‌ని గట్టి తాళం లాంటి డబ్ల్యూపీఏ-3కి మార్చి, నెట్‌వర్క్‌కి కొత్త పేరు పెట్టి, కీబోర్డు ఆమె ముందుకు జరిపాడు.

"పొడుగ్గా ఉండాలి వదినా. పుట్టినరోజులు, పెళ్లిరోజులు వద్దు."

"మా పెళ్లిరోజు మీ అన్నయ్యకే గుర్తుండేది కాదు, శత్రువుకేం తెలుస్తుంది," అంటూ కొట్టింది. పిచ్చుక మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు.

తర్వాత గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి తెరిచి దానికి పాత పేరూ పాత పాస్‌వర్డూ ఇచ్చాడు. ఇది వీధి వరండా లాంటిదని వివరించాడు. వచ్చినవాడు కూర్చోవచ్చు, లోపలికి మాత్రం రాలేడు. దొంగ ఫోను ఇల్లే అనుకుని దీనికి కనెక్ట్ అవుతుంది. సంచిలో ఉన్న సిగ్నల్ మీటర్ దాని దూరం చెబుతుంది. ఆ ముల్లు పట్టుకుని వెళ్లి మనిషిని పట్టుకోవడమే.

ఆమె అంతా విని ఒక్క కోరిక కోరింది. ఆ దీపాన్ని కూడా వరండా వైపే కలపమంది. ఈ ఒక్కసారికి.

మిషన్‌లో ఇలాంటివి కూడవు. మేస్త్రి అయితే కసిరేవాడు. పిచ్చుక అయినా కలిపాడు.

ఇక మిగిలింది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. మొదలుపెట్టగానే రూటర్ లైట్లన్నీ ఆరిపోయాయి, ఎంతకీ తిరిగి వెలగవు. ఆరు కావస్తోంది. సీరియల్ సరిగ్గా కోడలికి నిజం తెలిసే చోట ఆగిపోయిందని అత్తగారు పక్క గదిలోంచి సాధింపు మొదలుపెట్టింది. పిచ్చుక గడ్డం కింద చెమట కారుతోంది. మెసేజ్ వచ్చే వేళకు నెట్ లేకపోతే ఆ డ్రైవర్‌ని చేజేతులా చంపినట్టే.

బెల్ మోగింది.

గుమ్మంలో సంపెంగ. ఆకుపచ్చ సిల్కు చీర, చెవులకు ముత్యాలు, గది నిండేంత సెంటు, భుజాన నల్లటి హ్యాండ్‌బ్యాగు. పక్క గదిలోని పిన్నిగారిని చూసి పోదామని వచ్చానంది. టెక్నీషియన్‌ని పైనుంచి కిందికి చూసి, గడ్డం వెనక ఉన్నది ఎవరో గుర్తుపట్టి, చిన్నగా నవ్వింది. పిచ్చుకకు కొండంత ధైర్యం వచ్చింది. చూడ్డానికి ఇంకో జత కళ్లు దొరికాయి. జరిగిందంతా చెప్పేద్దామని ఆమెను నడవలోకి పిలిచి, నోరు తెరిచాడు.

అప్పుడు రూటర్ మీద ఆకుపచ్చ లైటు వెలిగింది. ఆ వెంటనే వాళ్ల తలల మీద గోడ దీపం వెలిగింది.

"వాడొచ్చాడు, తలుపు తియ్యి," అంది పక్క గదిలోంచి ముసలి గొంతు.

పిచ్చుక చెయ్యి సంచిలోకి వెళ్లింది. మీటర్ చూశాడు. ముల్లు చివరికంటా వెళ్లి కొట్టుకుంటోంది. ఫోను చెయ్యి చాపితే అందే దూరంలో ఉంది. సంపెంగ అర్థంకానట్టు దీపాన్నే చూస్తోంది. పిచ్చివాళ్లనుకుంటారని ఈ దీపం సంగతి ఇంట్లోవాళ్లు పైకి పొక్కనివ్వలేదు.

మేస్త్రి భార్య దీపం కింద నిలబడి ఉంది. ఒక్క క్షణం ఆమె మొహం కొత్త పెళ్లికూతురిలా వెలిగింది. తర్వాత ఆ చూపు మెల్లగా కిందికి దిగి హ్యాండ్‌బ్యాగు మీద ఆగింది.

"ఆయన్ని ఇలా ఇచ్చెయ్," అంది.

సంపెంగ బ్యాగులో చెయ్యి పెట్టి తీసింది ఫోను కాదు, లిప్‌స్టిక్. అది ఎలాంటి లిప్‌స్టిక్కో తెలిసిన పిచ్చుక ఆమె మణికట్టు పట్టి మెలితిప్పాడు. తూటా పేలిన చిన్న శబ్దం వచ్చింది, పైకప్పు సున్నం రాలింది. మెసేజ్ వేళకు నెట్ ఆగిపోయేసరికి ఉండబట్టలేక కిందికి దిగి దొరికిపోయిన డబుల్ ఏజెంట్‌ని రూటర్ కేబుల్ చుట్టతోనే కుర్చీకి కట్టేశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈసారి పట్టింది పిచ్చుక కూడా కాదు.

ఆరయింది. కంప్యూటర్ మోగింది. ఆమె కళ్లు తుడుచుకోకుండానే కొత్త నెట్‌వర్క్ మీద వచ్చిన మెసేజ్ విప్పింది. జీపు కదిలింది. ఆ తర్వాత తనే రూటర్ పేజీ తెరిచి, ఇంటాయన అన్న పేరు మీద వేలు ఆనించి, చాలాసేపటికి బ్లాక్ నొక్కింది. నడవలో దీపం ఆరిపోయింది. పిచ్చుక ఆ రాత్రి ఇంటికి వెళ్లలేదు, వరండాలోనే కూర్చున్నాడు.

వారం తిరక్కుండా డ్రైవర్ వచ్చాడు. కాలికి కట్టు, చేతికర్ర. ఆమె మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. ప్రయాణం గురించి, కాలి దెబ్బ గురించి అడిగింది. మేస్త్రి ఆఖరి మాట ఏమిటని చివరికి పిచ్చుకే అడిగాడు.

డ్రైవర్ గ్లాసు కింద పెట్టాడు.

"మీ పేరు చెప్పలేదమ్మా. అబద్ధం ఎందుకు చెప్పాలి. ఒకటే మాట, మళ్లీ మళ్లీ అదే. ఫోను వాళ్లకి చిక్కింది, ఇక మా ఇంటి మీదికి వస్తారు, పాస్‌వర్డ్ మార్చమని మా ఆవిడకి చెప్పు అన్నారు. ఇంకేం మాట్లాడలేదు."

పిచ్చుక తల వంచుకున్నాడు. ఆమె ముందు నవ్వింది. తర్వాత ఇన్ని రోజుల ఏడుపూ ఒక్కసారిగా ఏడ్చింది. అత్తగారు వచ్చి పక్కన కూర్చుని, ఏమీ అడక్కుండా కోడలి వీపు నిమిరింది. చాలాసేపటికి ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇన్నేళ్ల కాపురంలో, ఆయన మాట అందకముందే ఆయన చెప్పిన పని నేను చేసింది ఇదొక్కసారే," అంది.