కొట్టడం రాని చెయ్యి

జర్మనీలోని ఇల్మెనౌలో ఆ ఉదయం రోజూలాగే మొదలైంది. కింద వీధిలో చెత్తబండి వచ్చి డబ్బాలు దడదడా దులుపుకుని పోయింది. వంటింట్లో స్టౌ మీద రెండు గిన్నెల్లో బియ్యం మెత్తగా ఉడుకుతున్నాయి. ఒకటి సీతారత్నం పెట్టిన జావ, రెండోది ఆమె వియ్యపురాలు షియూజెన్ పెట్టిన జావ. చావింట జావ కాక జాంగ్రీలు ఎవరూ వండరు గానీ, ఒకే జావని ఇద్దరు తల్లులు రెండు గిన్నెల్లో ఎందుకు కాస్తున్నారో ఇద్దరికీ తెలీదు. అడిగి తెలుసుకుందామంటే ఇద్దరికీ కలిసిన భాష లేదు.

సీతారత్నం మూణ్ణెల్లు ఉండి వెళదామని కాకినాడ నుంచి కూతురు కావ్యశ్రీ దగ్గరికి వచ్చింది. వచ్చిన నెలకే అల్లుడు హైతావ్ ల్యాబులో పని చేస్తూ చేస్తూ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. ముప్ఫై నాలుగేళ్ళు. గుండె అన్నారు. టెర్మిన్, అంటే ముందుగా తీసుకున్న అపాయింట్‌మెంటు, లేనిదే పంటి డాక్టరు కూడా నోరు తెరవమనని ఈ దేశంలో, టెర్మిన్ అడక్కుండా వచ్చేది మృత్యువొక్కటే కాబోలు. ఆ తర్వాత మాత్రం అన్నీ టెర్మిన్లే. కాగితానికొకటి, శవపెట్టెకొకటి, శ్మశానంలో హాలుకొకటి. ఆ హాలు ఇవాళ పదకొండింటికి దొరికింది, అరగంట సేపు.

అల్లుడి తల్లిదండ్రులు చైనాలో ఫుజియన్ నుంచి వచ్చి ఏడు రోజులైంది. వేసవిలో కొడుకు దగ్గర నెల్లాళ్ళు గడుపుదామని ముందే తీసుకున్న వీసా మీదే వచ్చారు. పేరుకి ఏడు రోజులే గానీ అందులో ఏడుపన్నది లేదు. వచ్చిన పూటే వియ్యంకుడు లిన్ వెన్‌షెంగ్ గోడకున్న కొడుకు ఫోటో దించి బీరువాలో బోర్లా పెట్టేశాడు. కొడుకు పేరు ఇద్దరి నోటా ఒక్కసారైనా రాలేదు. ఆ అన్నయ్యగారి మనసులో ఏముందో ముఖంలోకి రాదు, ముఖంలో ఉన్నది ఎవరికీ అర్థం కాదు. రాతిమనుషులు అని సీతారత్నం ఫోనులో భర్తకి చెప్పింది. మన తరపున అలా కూర్చుంటే ఊరు ఊరుకుంటుందా అని కూడా అంది.

కావ్యశ్రీ కూడా ఏడవలేదు. ఫారాలు నింపింది, ఆఫీసులకి తిరిగింది, ఆ ముసలివాళ్ళకి తనకొచ్చిన చైనీసులో అన్నీ విడమరిచి చెప్పింది. నిన్న సాయంత్రం మామగారు తాము శ్మశానానికి రామని చెప్పేదాకా ఆమె గొంతు పెరగలేదు.

ఇప్పుడు నల్లకోటు తొడుక్కుని బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఆయన జావ ముందు కూర్చున్నాడు, చెంచా ముట్టలేదు. ఆమె ఏదో అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అడిగింది. మళ్ళీ అడ్డంగానే ఊపాడు.

"ఏమంటున్నారే?" అంది సీతారత్నం.

"రారటమ్మా. చిన్నవాళ్ళు పోతే పెద్దవాళ్ళు సాగనంపకూడదట. వాళ్ళ పద్ధతట."

"పోనీ, ఎవరి పద్ధతులు వాళ్ళకుంటాయి. మనలో మాత్రం లేవా?"

"పద్ధతుల గురించి నువ్వు మాట్లాడకు. నా డ్రాయర్‌లో బొట్టుబిళ్ళల ప్యాకెట్ తీసి ఎవరు దాచారో నాకు తెలుసు."

సీతారత్నం గరిటె తిప్పడం ఆపేసింది. దాచింది నిజమే. కూతురు అద్దం ముందు నిలబడి వాటిని చూసుకుని బాధపడకూడదని దాచాననుకుంది. అది కూతురి కోసమా, చూసి నలుగురూ ఏమైనా అంటారనా అని తనని తాను అడగలేదు. ఈ ఊళ్ళో ఆ నలుగురు కూడా లేరు.

కావ్యశ్రీ మామగారి వైపు తిరిగింది. కోపంలో భాష కూడా మర్చిపోయి తెలుగులోనే మొదలుపెట్టింది.

"మీ కొడుకుని నేనొక్కదాన్నే పంపాలా? చిన్నప్పట్నుంచీ ఎరిగినవాళ్ళు ఒక్కరు కూడా పక్కన లేకుండా, ఆఫీసువాళ్ళ మధ్య, ముక్కూమొహం తెలీనివాడిలా పోవాలా తను?"

ఆయనకి మాట అర్థం కాలేదు, అడుగుతున్నది అర్థమైంది. జావ గిన్నె పక్కకి జరిపాడు. తర్వాత ఒకే ఒక్క ముక్క అన్నాడు. కావ్యశ్రీ ముఖం పాలిపోయింది.

"వస్తారట," అంది తల్లితో. "ఒక కర్ర కావాలట."

"అయ్యో, మోకాళ్ళ నొప్పులేమో. నిన్ననే అడిగితే..."

"నడవడానికి కాదు. హైతావ్ పెట్టెని కొట్టడానికి."

ఆ తర్వాత కావ్యశ్రీ మూడు భాషల్లో అన్న మాటల్లో సీతారత్నానికి అందినవి కొన్నే. చచ్చినవాణ్ణి కొడతారా అంది. పదిహేనేళ్ళు పరాయి దేశంలో కష్టపడి మీ ఇద్దరికీ ఇల్లు కట్టించినవాడు ఏం తప్పు చేశాడని అంది. మీరు రావద్దు, ఇంట్లోనే ఉండండి, మీలాంటివాళ్ళు రాకపోవడమే మేలు అంది. సీతారత్నం కూతురి భుజం పట్టుకోబోయింది. కావ్యశ్రీ విదిలించుకుంది.

అప్పుడు షియూజెన్ రెండు గిన్నెల కింద మంటలూ ఆర్పేసింది. భర్తకీ కోడలికీ మధ్య వచ్చి నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది. మాట్లాడుతున్నంతసేపూ కోడలి వంక చూడలేదు, సీతారత్నం వంకే చూసింది. ఇది తల్లికే చెప్పాలన్నట్టు. మధ్యమధ్యలో ఆగి, చెప్పమని కోడలికి చేత్తో సైగ చేసింది. కావ్యశ్రీ మొదట కరెంటాఫీసు ఉత్తరం చదివినట్టు చదివింది.

"కన్నవాళ్ళ కంటే ముందు పోవడం కొడుకు చెయ్యగల తప్పుల్లోకెల్లా పెద్దదట. వాళ్ళని ముసలితనంలో చూడకుండా పోయాడని, అక్కడికెళ్ళాక నిలబెట్టి శిక్షిస్తారట." ఇక్కడ ఆమె గొంతు నెమ్మదించింది. "తండ్రి ఇక్కడే కొట్టేస్తే శిక్ష అయిపోయినట్టేనట. ఇంక అక్కడ వాణ్ణి ఎవరూ ముట్టుకోరట."

సీతారత్నం గరిటె కింద పెట్టింది. "మరి అంత మేలయినప్పుడు, రానని ఎందుకన్నారు?"

కావ్యశ్రీ అడిగింది. షియూజెన్ చెప్పింది. ఆ చెప్పినదాంట్లో హైతావ్ అన్న పేరు రెండుసార్లు వినపడింది. కావ్యశ్రీ దాన్ని తెలుగులోకి తేబోయి ఆగిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆయన కొడుకుని ఎప్పుడూ కొట్టలేదటమ్మా. ఎనిమిదేళ్ళప్పుడు పక్కింటివాళ్ళ పడవ తాడు విప్పి సముద్రంలోకి వదిలేశాడట హైతావ్. వీధి వీధంతా వచ్చి కొట్టవయ్యా అంటే కూడా ఈయన చెయ్యెత్తలేదట. ఇవాళ వస్తే కొట్టాలి. రాకపోతే కొట్టక్కర్లేదు. అందుకని పద్ధతి పేరు చెప్పి రానన్నారట. కానీ కొట్టకపోతే అక్కడ ఎవరో కొడతారు కదా అని వారం రోజులుగా కన్ను మూయలేదట."

వెన్‌షెంగ్ తన కుడిచేతిని బల్ల కింద దాచుకున్నాడు, ఎవరో అడిగి పట్టుకుపోతారన్నట్టు.

సీతారత్నానికి తన చిన్నన్నయ్య పోయినప్పుడు అమ్మ గుర్తొచ్చింది. శవం మీద పడి, ఒరేయ్ దుర్మార్గుడా, నన్నిలా వదిలేసి ఎలా పోయావురా అని గుండెల మీద గుద్దింది అమ్మ. చచ్చినవాణ్ణి తిడుతున్నావేమని అప్పుడెవరూ అడగలేదు. సీతారత్నం గదిలోకి వెళ్ళి, తన చేతిసంచిలో దాచిన బొట్టుబిళ్ళల ప్యాకెట్ తెచ్చి కూతురి ముందు పెట్టింది.

"పెట్టుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం. నేను దాచకూడదు," అంది. ఆ తర్వాత వియ్యంకుడి వైపు తిరిగింది. "లేవండి అన్నయ్యగారూ. వేళవుతోంది."

శ్మశానం దారిలో రెండు పక్కలా చెట్లు. కర్ర కోసం వెన్‌షెంగ్ ప్రతి చెట్టు కిందా ఆగాడు. చేతికర్ర అంత లావు కొమ్మ దొరికితే కాలితో పక్కకి నెట్టేశాడు. బొటనవేలంత లావుది తీసి, వంచి చూసి, అదీ పడేశాడు. చివరికి చిటికెనవేలి పాటి పుల్ల ఒకటి తీసుకున్నాడు. దాంతో కొడితే దోమ కూడా దెబ్బ తగిలిందని చెప్పుకోదు. చెట్లు ఎన్నో ఉన్నాయి గానీ, ఆయనకి కావాల్సినంత మెత్తటి కర్ర ఏ చెట్టుకీ కాయదు.

హాల్లో ఆఫీసువాళ్ళు పదిమంది నిలబడి ఉన్నారు. అంత్యక్రియలు జరిపించే జర్మన్ ఆవిడకి కావ్యశ్రీ సంగతి చెప్పింది. ఆవిడ ఆ పుల్లని చూసింది, ముసలాయన్ని చూసింది. ఏమీ అడక్కుండా పెట్టె మీది పూలన్నీ ఒక చివరికి సర్ది వెనక్కి తప్పుకుంది.

వెన్‌షెంగ్ చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. దించాడు. మళ్ళీ ఎత్తాడు. వెనక వరసలో షియూజెన్ పక్కనే ఉన్న సీతారత్నం మణికట్టు పట్టుకుంది, గాజులు నొక్కుకునేంత గట్టిగా. మూడోసారి ఆయన చెయ్యి ఎత్తనే లేదు. పెట్టె పక్కనే కొడుకుతో పాటు తనూ తప్పు చేసినవాడిలా నిలబడిపోయాడు.

కావ్యశ్రీ ముందుకెళ్ళింది. మామగారి చేతి మీద తన చెయ్యి వేసి, ఆ పుల్లని ఆయనతో కలిపి పట్టుకుంది. తెలుగులో మాట్లాడింది, పెట్టెతో.

"నాకూ కోపంగా ఉంది హైతావ్. వారం రోజులుగా మీ అమ్మానాన్నల మీద కోపం అనుకుంటున్నా. కాదు. నీ మీద. ఆ రోజు పొద్దున్న కాఫీ సగం తాగి, వచ్చి తాగుతానని పోయావు."

మొదటి దెబ్బకి చప్పుడే రాలేదు. రెండోది వినపడింది. మూడోది కావ్యశ్రీ కొట్టిందో ఆయన కొట్టాడో తెలీదు, పుల్ల రెండు ముక్కలైంది. ఆమె నోట్లోంచి వచ్చిన ఏడుపుకి ఆఫీసువాళ్ళు తలలు దించుకున్నారు. షియూజెన్ సీతారత్నం భుజం మీద వాలిపోయింది.

వెన్‌షెంగ్ ఏడవలేదు. పెట్టె మీదికి వంగి, తాము కొట్టిన చోటు ఎక్కడుందో వేళ్ళతో వెతికాడు. ఆ చోట అరచెయ్యి ఆనించి, దెబ్బ తిన్న పిల్లాడి వీపు రాసినట్టు మెల్లగా రాస్తూ ఉండిపోయాడు. అరగంట అయిపోయిందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.