బాణం గుర్తు పోయిన రాయి

“ఈ రాయిని తోమింది ఎవరు?”

వాకిట్లో నిలబడి అడుగుతున్న మనిషి మా వెనక అర్రలో కిరాయికి దిగి నాలుగు రోజులే అయింది. పేరు ఈశ్వరయ్య, ఊరు హనుమకొండ. సర్కారు భూగర్భ శాఖలో ఇంకా పక్కా కాని నౌకరీ.

“నేనే. ఏం, మంచిగ తోమలేదా?” అన్నాను.

“మరి ఈ బొట్లు?”

“మా అవ్వ పెట్టింది.”

అరుగు మీద రాయి పసుపు పూసుకుని పెళ్లికూతురిలా కూర్చుంది. అది పందొమ్మిది వందల నలభై రెండు ఆషాఢం, లాల్‌దర్వాజాలో బోనాల వారం. నల్లచారా తెల్లచారా చీర కుచ్చిళ్లలా మడతలు పడి ఉన్న ఆ రాయిని, కొత్తాయన మూటకట్టి తెచ్చుకున్న ఇంటి దేవతనుకుంది మా నాయనమ్మ కొమురమ్మవ్వ. అమ్మవారు గట్ల మట్టిల కూసుంటదా అని నన్ను కడగమంది. నేను చింతపండూ ఇటుకపొడీ పెట్టి ఇత్తడి బిందెను తోమినట్టు తోమాను.

“దీని మీద తెల్లరంగుతోటి బాణం గీసిన,” అన్నాడాయన, అరుగు మీద కూలబడుతూ.

“చూసిన. మురికనుకున్న.”

“అది ఉత్తరం దిక్కు గుర్తు.”

రాతికి కూడా దిక్కుంటుందా అని నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగాను.

“ఈ చారలు ఒకప్పుడు చాప పరిచినట్టు సాపుగ ఉండె,” అన్నాడు. “భూమి లోపల రెండు దిక్కులకెళ్లి ఒత్తితే మడతలు పడ్డయి. ఇగో, ఈడ చార తెగి పక్కకు జరిగింది. దాన్ని ఫాల్టంటరు. ఈ అంచున రాయి నలిగి, ఈడ్చినట్టు సాగింది. ఇది షియర్ జోన్. ఏది ఎటు జరిగిందో బాణం ఉంటెనే తెలుస్తది. అది లేకుంటే ఇది ఉత్త రాయి.”

“అమ్మవారిని పట్టుకొని ఉత్త రాయంటవేంది బిడ్డా?” అని లోపలినుంచి అవ్వ.

సోమవారం ఆ రాయినీ నక్షానూ ఆయన తన పై సాహెబుకు అప్పగించాలట. లేకుంటే నౌకరీ పక్కా కాదు, మూట కట్టుకుని హనుమకొండ పోవాలి. నాకు ఆ పూట అన్నం సహించలేదు. ఇప్పుడు మా కొడుకు తుమ్మితే చాలు గాబరా పడతానని అందరూ నవ్వుతారు గానీ, ఆ గాబరా నాకు అప్పటిదే.

మధ్యాహ్నం వెళ్లి చెప్పాను. “బాణం ఇటు చూస్తుండె. నాకు యాదుంది. గీసుకోరాదుండ్రి?”

“యాది మీద దిక్కు రాస్తే అబద్ధం రాసినట్టే. అది నాతోని కాదు.”

నౌకరీ పోయేలా ఉన్నా ఆ మాట అన్న మనిషిని, అప్పుడు నేను మొదటిసారి సరిగ్గా చూశాను.

“మరి ఎక్కడికెళ్లి కొట్టుకొచ్చిండ్రో ఆడ గుంత ఉంటది గద,” అన్నాను. “పగిలిన పెంకును కుండకు అతికినట్టు, మళ్ల దాంట్ల పెట్టి చూస్తే?”

ఆయన నన్నే చూస్తున్నాడు. వాన మొదలై ఆయన కాగితాలు తడిసిపోతున్నా చూస్తూనే ఉన్నాడు. చివరికి నేనే తీసి లోపల పెట్టాను.

ఆదివారం పొద్దున్నే దస్తగీర్ భాయ్ జట్కాలో పహాడీషరీఫ్ అవతలి గుట్టకు బయల్దేరాం. అమ్మవారిని ఒక్కదాన్నే మగపిల్లగాడి చేతికి ఇయ్యనని అవ్వ రాయిని ఒళ్లో పెట్టుకుంది.

“ఏం అవ్వా, రాయికి కూడ కిరాయి ఇస్తవా?” అన్నాడు దస్తగీర్ భాయ్.

“నడువు నాయనా, గుర్రం నవ్వుతది.”

గుట్ట మీద ఆయన రాయిని తిప్పి, మళ్లీ తిప్పి, గుంతలోకి దించాడు. ఒక్క వైపుగానే అది కిర్రున జారి అమరింది. ఇటు చార అటు చారతో కలిసింది. మా ముగ్గురికీ ఊపిరి వచ్చింది.

దిక్సూచి పక్కన పెట్టి చూస్తే ముల్లు ఊగుతోంది. ఆయన నుదురు తుడుచుకున్నాడు.

“మీరు జర దూరం జరగుండ్రి. మీరు దగ్గరుంటే ముల్లు నిలుస్తలేదు.”

“నడుముకు తాళంచెవుల గుత్తి ఉంది,” అన్నాను.

“ఓ, గదేనా,” అన్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను జరిగితే ముల్లు నిలిచింది, రాయి మీద బాణం మళ్లీ గీశాడు. అవ్వ గుట్ట అవతలికి చూస్తూ కూర్చుంది.

పది రోజులకు నౌకరీ పక్కా అయింది. మిఠాయి పొట్లంతో వచ్చి, సాహెబుకు ఇంగ్లీషులో రాసిచ్చిన కాగితం నకలు తీసి, తెలుగులో చెబుతూ మాకు చదివి వినిపించాడు. బాణం ఎలా పోయిందో దాచలేదు. రాయిని పుట్టినచోటే పెట్టి చూడమన్న ఉపాయం, లాల్‌దర్వాజా నివాసి కుమారి చంద్రమ్మది అని రాశాడు.

అవ్వ మిఠాయి కింద పెట్టింది.

“పెండ్లి గాని పిల్ల పేరు సర్కారు కాగితంల ఎక్కిస్తివి. పది మంది చదువుతరు. ఇగ దీన్ని ఎవడు చేసుకుంటడు?”

“నేను చేసుకుంట అవ్వా. అడగనీకెనే వచ్చిన. మా నాయినను కూడ పిలిపిస్త.”

“అడిగెటోడు గింత లేటు చేస్తడా?” అని అవ్వ నా వైపు తిరిగింది. “నువ్వేందే, గట్ల నవ్వుతున్నవ్?”

నేను నవ్వడం లేదు. అమ్మ పోయిన ఏడాది, నాలుగో తరగతిలో నన్ను బడి మాన్పించారు. ఆ తర్వాత నా పేరు ఎవరూ ఎక్కడా రాయలేదు.

“ఏ అక్షరాలు నా పేరువో చూపించుండ్రి,” అన్నాను. ఆయన వేలు పెట్టి చూపించాడు.