కోరపన్ను తొడుగు

సెబిన్ పన్ను పీకించుకున్న రోజు కొరియాలోని తేగు ఊళ్లో ఎండ హాయిగా కాస్తోంది. దవడ సగం మొద్దుబారిపోయి, అది తనదో ఎవరిదో తెలియకుండా ఉంది. డాక్టర్ ఛా నిదానంగా చెప్పాడు. కోరపన్ను వరసలోకి రావాలంటే దానికి చోటు కావాలి, అందుకే పక్కది తీసేశాడు. ఇక పారదర్శకమైన తొడుగులు, రెండేసి వారాలకొకటి. తినేటప్పుడు, తోముకునేటప్పుడు తప్ప తీయకూడదు. కొత్తది పెట్టిన రెండు రోజులు బాగా సలుపుతుంది, మాట కాస్త నత్తిగా వస్తుంది. సెబిన్ అన్నిటికీ తలూపింది.

ఆ కోరపన్ను అమ్మ పోలిక. అమ్మకీ అచ్చం అక్కడే, అలాగే ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. నవ్వొస్తే చాలు, అరచేత్తో నోరు మూసుకునేది. అమ్మ పోయి రెండేళ్లయింది. ఆ రోజు సెబిన్‌కి ఒక్క చుక్క కన్నీరు రాలేదు. కానీ అద్దంలో ఆ పన్ను కనపడినప్పుడల్లా గుండెలో బండరాయి కదిలినట్టుండేది. అది పడలేకే దాన్ని వరసలోకి తోయించుకుంటోంది. పిన్నికి మాత్రం ఉద్యోగం కోసమని చెప్పింది.

ఇంటికి రాగానే పిన్ని బొంగ్‌సున్ పీకిన పన్ను లాక్కుని పెరట్లోకి నడిచింది. ఊడిన పాలపన్ను ఇంటి పెంకుల మీదకి విసిరి, కొత్తది తెమ్మని కాకిలాంటి కాచిపిట్టని అడగడం ఒకప్పుడు అమ్మ పని.

"కాచీ కాచీ, పాత పన్ను నీకు, కొత్త పన్ను మాకు," అని పాడుతూ పిన్ని విసిరేసింది.

"ఇది పాలపన్ను కాదు పిన్నీ. కొత్తది ఎక్కణ్ణుంచి తెస్తుంది?" అంది సెబిన్ మొద్దు నాలుకతో.

"కొత్తది దొరక్కపోతే ఏ పాతదో తెచ్చి పడేస్తుందిలేవే," అని పిన్ని పకపకా నవ్వింది.

నెలలు గడిచాయి. తొడుగు మార్చినప్పుడల్లా సలపాలి కదా, సలపలేదు. ఎంత ఓర్పమ్మా నీకని డాక్టర్ మెచ్చుకున్నాడు. ఓర్పూ లేదు పాడూ లేదు, ఏమీ తెలియట్లేదంతే. చివరికి తొడుగు పట్టు కోసం పళ్లకి అంటించిన బుడిపెలు అరగదీసి, రోజూ పడుకునేటప్పుడు పెట్టుకోమని ఆఖరి తొడుగు చేతికిచ్చాడు.

"ఇది మానితే పళ్లు వెనక్కి పోతాయమ్మా. వాటికి పాత చోటు గుర్తుంటుంది."

అద్దంలో చక్కటి పలువరస. అమ్మ లేదు. పోనీలే అనుకుంది సెబిన్. అనుకున్నాక మళ్లీ ఒకసారి అద్దంలోకి చూసింది.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. పిన్ని బజారుకెళ్లింది. తొందరగా పడుకుందామని సెబిన్ పళ్లు తోముకుంటోంది. పైన పెంకుల మీద గోళ్ల చప్పుడు... గీర్... గీర్... ఇంత వానలో పిట్టకేం పని? తర్వాత ఏదో చిన్నది పెంకుల మీద దొర్లుకుంటూ వచ్చి చూరు గొట్టంలో పడింది. టక్.

వేయించిన బార్లీ వాసన గుప్పున కొట్టింది. అమ్మ పోయాక ఆ ఇంట్లో బార్లీ నీళ్లు కాచినవాళ్లు లేరు. పిన్ని కాఫీ మనిషి.

పెట్టుకుందామని తొడుగు డబ్బా తెరిచింది. తొడుగు తడిగా ఉంది. వెచ్చగా కూడా ఉంది... అప్పుడే ఎవరో నోట్లోంచి తీసి పెట్టినట్టు. దీపం వెలుతురుకి ఎత్తి చూసింది. కోరపన్ను దగ్గర ప్లాస్టిక్ ముందుకు పొడుచుకొచ్చి ఉంది.

పారేయాలి. తెలుసు. ఎంత భయం వేసిందో, అమ్మ మీద అంత బెంగా వేసింది. చెయ్యి నోటి దగ్గరికే పోయింది. పెట్టుకుంది. నొక్కింది... సరిపోయింది. అప్పుడు సలిపింది. ఇన్ని నెలల సలుపూ ఒక్కసారే వచ్చి దవడ పట్టుకుంది. ఇన్నేళ్ల తర్వాత కళ్లలోంచి నీళ్లు కారాయి.

తలుపు దగ్గర గొడుగు జారిపడిన చప్పుడయింది. పిన్ని నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా..." అంది. "ఎప్పుడొచ్చావ్?"

నేను పిన్నీ, అనబోయింది సెబిన్. నవ్వొచ్చింది. ఆ నవ్వు తనది కాదు. అరచెయ్యి దానంతటదే లేచి నోరు మూసింది.

ఆ చేతి కిందే, తొడుగు లాగేద్దామని గోరుతో అంచు కోసం వెతికింది. రోజూ చేసే పనే. అంచు లేదు. ప్లాస్టిక్ లేదు. వట్టి పళ్లే తగిలాయి వేలికి, కోరపన్ను ముందుకు పొడుచుకొచ్చి.

పైన పిట్ట ఇంకా పోలేదు. పెంకుల మీద మరేదో దొర్లిస్తోంది... ఈసారిది కాస్త పెద్దది.