రాముడి చేపలకు కర్పూరం

పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ముందుగదిలోకి వచ్చిన ప్రభావతి, గాజుతొట్టిలోని పెంకుముక్క మీద సగ్గుబియ్యపు రవ్వలాంటి గుడ్లు చూసి, నోట్లో నురగతోనే గెంతేసింది.

"ఏవండీ, పెట్టేసింది! మళ్ళీ పెట్టేసింది!"

హేమంత్ లుంగీ సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ తొట్టి ముందు గొంతుకూర్చుని, సినిమా మొదటాట చూసేవాళ్ళలా నోళ్ళు తెరిచి చూశారు.

పెళ్ళైన కొత్తలో బెజవాడ వెళ్ళినప్పుడు ముచ్చటపడి తెచ్చుకున్న జంట అది. మరుగుజ్జు సిక్లిడ్ చేపలు, రామ్ రకం అన్నాడు షాపువాడు. బొటనవేలంత ఒళ్ళు, పసుపు మీద నీలం చుక్కలు. 'రామ్' అన్న ముక్క ఒక్కటే చెవినపడ్డ అత్తగారు సౌభాగ్యమ్మ, ఆ రోజు నుంచి వాటిని 'రాముడి చేపలు' అనేది. బందరులో ఆ వీధివాళ్ళందరికీ ఇప్పుడు వాటి పేరు అదే.

రాముడి చేపలకి ఒక్కటే లోపం. ఇంతకుముందు పెట్టిన రెండుసార్లూ, మర్నాటికల్లా తమ గుడ్లు తామే తినేశాయి.

"ఈసారి ఎవరికీ చెప్పకు" అన్నాడు హేమంత్.

ప్రభ తలూపింది. గుడ్ల సంగతి ఒక్కటే కాదు, ఎవరికీ చెప్పకూడనిది ఇంకొకటి కూడా ఉంది. ఆమెకి నెల తప్పింది. మొదటిసారి తప్పినప్పుడు సంతోషం పట్టలేక పాలమ్మాయి దగ్గర్నుంచి పక్కింటి వాళ్ళ చుట్టాల దాకా అందరికీ చెప్పేసింది. మూడో నెలలో అది కాస్తా పోయింది. అప్పటినుంచి ఆ నోళ్ళన్నిటికీ సమాధానం చెప్పుకోవాల్సొచ్చింది.

కానీ అత్తగారి కళ్ళకి గుడ్లు దాగుతాయా? కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి రాజకుమారిని ఆవిడే లోపలికి పిలిచింది.

"మా రాముడి చేపలు మళ్ళీ గుడ్లు పెట్టాయండీ, చూద్దురుగాని రండి."

రాజకుమారి వెంట ఇంకో ఇద్దరు వచ్చారు. గోటితో అద్దం మీద టక్కుటక్కుమని కొట్టింది రాజకుమారి.

"అబ్బో, దీనికి మూడోసారి! మరి నీ సంగతేంటి ప్రభా? ఏమైనా విశేషమా?"

అందరూ నవ్వారు. వంటింట్లో బెండకాయలు తరుగుతున్న ప్రభ తల ఎత్తలేదు. వాళ్ళు వెళ్ళాక సౌభాగ్యమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అమ్మాయ్, ఈసారి కూడా తిన్నాయంటే వాటిని ఎవరికైనా ఇచ్చెయ్యమని చెప్పు మీ ఆయనకి. కన్నవాటిని తినే ప్రాణి కొత్తకోడలున్న ఇంట్లో ఉండకూడదు."

"అవి మేం ఇష్టపడి తెచ్చుకున్నవి అత్తయ్యగారూ."

"ఇంటి మంచిచెడ్డలు చూడాల్సింది నేను."

ప్రభ కత్తిపీట పక్కన పెట్టేసింది. ఆ పూట కూరలో ఉప్పు మరిచిపోయింది.

మర్నాడు తెల్లవారుతుండగా కర్పూరం వాసన తగిలి ప్రభకి మెలకువ వచ్చింది. పూజ వేళ కాలేదే అనుకుంటూ ముందుగదిలోకి వచ్చి ఆగిపోయింది.

చీకట్లో తొట్టి ముందు సౌభాగ్యమ్మ. చేతిలో పళ్ళెం, అందులో వెలుగుతున్న కర్పూరం. అద్దానికి దగ్గరగా పెట్టి ఇటూ అటూ తిప్పుతోంది. మంట తిరిగినప్పుడల్లా లోపల చేపలు అద్దాలకి కొట్టుకుంటున్నాయి. ఆడచేప గిరుక్కున తిరిగి పెంకు మీదికి వచ్చింది. ఒక్కొక్క గుడ్డే కొరికి మింగసాగింది.

"ఆపండి అత్తయ్యగారూ!"

సౌభాగ్యమ్మ ఇటు తిరిగింది. "దిష్టి తీస్తున్నానే. నిన్న ఎన్ని కళ్ళు పడ్డాయో చూశావుగా!"

"ఇంతకుముందు కూడా మీరే తీశారా?"

"తియ్యనూ మరి?"

"ఒక్కసారి లోపలికి చూడండి. మంటకి బెదిరిపోయి తినేస్తోంది. దాచుకోడానికి దానికి వేరే చోటు లేదు." ప్రభ పెంకు వైపు చూపించింది. "నాకు పోయినప్పుడూ ఇంతే. వీధంతా వచ్చి చూశారు. ఏడవడానికైనా తలుపేసుకోనివ్వలేదు. ఏం తిన్నావు, ఏం బరువెత్తావు అని అడిగారు. నేనే మింగేసినట్టు!"

"నేనెప్పుడన్నానే అలా?"

"కొత్తకోడలున్న ఇంట్లో ఉండకూడదన్నారుగా. ఆ మాట చేపకేనా?"

కర్పూరం కొండెక్కింది. సౌభాగ్యమ్మ నెమ్మదిగా నేలమీద కూలబడింది. పెంకు మీద ఇక గుడ్లు లేవు.

"వీటికి నిలిస్తే నీకూ నిలుస్తుందని మొక్కుకున్నానే" అంది. "అందుకే గుడ్లు కనిపించగానే నలుగురికీ చెప్పుకునేదాన్ని. ఆ నలుగురి దిష్టీ తగలకూడదని హారతి తిప్పేదాన్ని. నా చేతులతో నేనే తినిపించానా, తల్లీ?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే ప్రభకి కోపం నిలవలేదు. పక్కన కూర్చుని, మసి అంటిన ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"అత్తయ్యగారూ, నాకు నెల తప్పింది. ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు."

సౌభాగ్యమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. అలవాటు కొద్దీ ముఖం పక్కింటి గోడవైపు తిరిగింది, నోరు కూడా తెరుచుకుంది. అంతలోనే గుర్తొచ్చి, టక్కున మూసేసుకుంది. ఏడుపు మధ్యలో ప్రభకి నవ్వాగలేదు.

ఆ రోజే సౌభాగ్యమ్మ పెట్టె అడుగునుంచి పాత కలంకారీ దుప్పటి తీసి తొట్టికి తెర కట్టింది. మేత వెయ్యడానికి పైన జానెడు సందు మాత్రం ఉంచింది. చేపల్ని ఇచ్చెయ్యమన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కొన్నాళ్ళకి, మేత వేస్తున్న హేమంత్ పైసందులోంచి చూసి, అత్తాకోడళ్ళిద్దరికీ మాత్రం వినపడేలా గుసగుసగా చెప్పాడు. "పెట్టింది."

ఆ మధ్యాహ్నమే రాజకుమారి వచ్చింది.

"ఏంటండీ ఈ తెర? ఏమైనా విశేషమా?" అంటూ దుప్పటి అంచు పట్టుకోబోయింది.

సౌభాగ్యమ్మ చెయ్యి అంతకంటే ముందే అంచు మీద పడింది.

"మా ఇంట్లో విశేషాలేం లేవండీ. కరివేపాకు దొడ్లో ఉంది, కోసుకోండి."

వంటింట్లో ప్రభకి నోరు ఒకటే దురద. ఇంత బెల్లంముక్క బుగ్గన పెట్టుకుని ఊరుకుంది.

రాజకుమారి వెళ్ళిపోయాక సౌభాగ్యమ్మ పిల్లిలా అడుగులేస్తూ వచ్చింది.

"లోపల ఎలా ఉన్నాయో చూశావా?"

"లేదత్తయ్యగారూ. మీరు?"

"నేనూ చూళ్ళేదు" అంది ఆవిడ గర్వంగా. కోడలి పొట్టవైపు కూడా చూడకుండా, కళ్ళు తుడుచుకుంటూ బియ్యం కడగడానికి వెళ్ళిపోయింది.